లైసెన్సా, కేసు ఎత్తేయడమా: వాదనలో ఎలా విడదీయాలి

హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే సెక్స్ వర్క్ మీద వాదన లేచిందా? ముందు ఒక్కటే అడగండి: లైసెన్స్ ఇమ్మంటున్నావా, కేసు పెట్టొద్దంటున్నావా?

లైసెన్స్ అంటే జర్మనీ దారి. 2017 నుంచి అక్కడ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఎనుమాముల మార్కెట్‌లో లైసెన్స్ ఉన్న వ్యాపారే మిర్చి కొనాలన్నట్టు. కాగితం లేనామె చట్టం బయటే. నేరం అనే ముద్రే తీసేసి మామూలు పని చట్టాలు వర్తింపజేయడం రెండోది, 2003లో న్యూజిలాండ్ చేసింది, అదీ పార్లమెంటులో 60-59తో, ఒక్క ఓటు తేడాతో (అంత టెన్షన్ మన నాయకులు పడతారా, నాకైతే నమ్మకం లేదు).

మన దేశంలో 1956 ఇమ్మోరల్ ట్రాఫిక్ (ప్రివెన్షన్) చట్టం కింద ఆ పని నేరం కాదు, బ్రోతల్ నడపడం నేరం. అందుకే భద్రత కోసం ఇద్దరు ఆడవాళ్లు ఒకే గదిలో పని చేసుకున్నా అది బ్రోతల్ కిందికే రావచ్చు. 2022లో సుప్రీంకోర్టు వాళ్లను గౌరవంగా చూడమని పోలీసులకు చెప్పింది గానీ, చట్టం మాత్రం అదే.