వానలు రాకముందే: క్రోమ్ బంపరుకూ బాత్‌రూమ్ యాసిడ్‌కూ మధ్య దూరం

హైదరాబాద్ పద్మారావునగర్‌లో మా మిత్రుని ఇంట ఆయన తండ్రిగారి కాలంనాటి ప్రీమియర్ పద్మిని కారు ఒకటి ఉన్నది. మొన్న ఆదివారం సాయంత్రం వారి సెల్లారులో నేలపై పట్టిన సిమెంటు మరకలు పోవడానికి బాత్‌రూమ్ యాసిడ్ చల్లి, కాసిని నీళ్లు పోసి, షట్టరు దించి వెళ్లిపోయారు. కారుపై ఒక్క చుక్క కూడా పడలేదు. అయినా తెల్లవారేసరికి ముందు బంపరంతటా కారప్పొడి చల్లినట్లు ఎర్రని చుక్కలు తేలాయి.

క్రోమ్ తుప్పు పట్టదు. తుప్పు పట్టేది దాని అడుగున ఉన్న ఇనుము. పైకి మెరిసే క్రోమ్ పొర సాధారణంగా ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పలుచన, దాని కింద నికెల్ పొర కొంత మందంగా ఉంటుంది. ఈ పొరలలోని కంటికి ఆనని రంధ్రాల గుండా తేమ ఇనుమును చేరినప్పుడు చుక్కలు బయటపడతాయి. బాత్‌రూమ్ యాసిడ్‌లో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇనుమును తినడమే కాక క్రోమ్‌ను కూడా కరిగిస్తుంది. ప్లేటింగ్ చేసేవారు, అంటే లోహంపై క్రోమ్ వంటి పొర వేసేవారు, పాత క్రోమ్ పొరను ఊడదీయడానికి వాడేది కూడా ఆ ఆమ్లమే. దాని ఆవిరి గాలి ఆడని సెల్లారులో తేమతో కలిసి లోహంపై పేరుకుంటుంది కనుక, సీసా కారుకు తగలకపోయినా నష్టం తప్పదు.

అంతకన్నా పెద్ద పొరపాటు ఆ తరువాత జరుగుతుంది. ఎర్రని చుక్కలు చూసి కంగారుపడి, తుప్పు వదులుతుందని ఎవరో చెప్పగా, ఆ యాసిడ్‌నే గుడ్డకు అద్ది బంపరును తుడుస్తారు. తుప్పు నిజంగానే కరిగి, బంపరు గంటసేపు కొత్తదానిలా కనిపిస్తుంది. ఆ గంట మెరుపును చూసి రెండో బంపరును కూడా తుడిచినవారిని నేను ఎరుగుదును. మరునాటికి చుక్కలున్నచోట మచ్చలు, మచ్చలున్నచోట పొర లేచిన గుంటలు మిగిలాయి. తుప్పుకు యాసిడ్ మందు కాదు.

రుతుపవనాలు మామూలుగా జూన్ మొదటి పక్షంలో నగరాన్ని తాకుతాయి కనుక ఈ లోపే ఒక చిన్న అయస్కాంతంతో కారు చుట్టూ తిరగండి. ఈనాటి కార్ల గ్రిల్లు, అంచుపట్టీలు చాలావరకు ప్లాస్టిక్‌పై వేసిన క్రోమే కాబట్టి వాటికి ఎర్రతుప్పు బెడద లేదు. అయస్కాంతం అంటుకున్నచోటనే శ్రమపడాలి. చుక్కలు అప్పుడే మొదలైతే వంటింటి అల్యూమినియం రేకును చిన్న ముక్కగా చించి, నీటిలో తడిపి, ఒత్తకుండా రుద్దండి. అల్యూమినియం క్రోమ్‌కన్నా మెత్తన కనుక గీతలు పడవు. తరువాత కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కారు వ్యాక్స్ పలుచగా పట్టించాలి. తుప్పు ఊడినచోట రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి వ్యాక్స్‌ను మరునాటికి వాయిదా వేయడం తగదు.

అందరూ మరిచేది బంపరు లోపలి ముఖం. అక్కడ ప్లేటింగ్ పలుచన, బురద మందం. బంపరు విప్పించి, లోపలివైపు మాత్రమే ఇనుప బ్రష్‌తో గీకించి, తుప్పును అడ్డే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు (అడుగు పూత), ఆపైన రంగు వేయించండి. పైముఖంపై ఇనుప బ్రష్, స్టీలు పీచు, ఎమరీ కాగితం పెట్టనీయకండి.

మన బోరు నీళ్లు ఎంత కఠినమో గీజర్ విప్పి చూసినవారికి తెలుసు. ఎండలో కడిగి వదిలేస్తే తెల్లని మచ్చలు గట్టిపడతాయి, కనుక నీడలో కడిగి, చివరిసారి బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తుడవండి. తడి కారుపై రెగ్జిన్ కవరు కప్పకండి. సైలెన్సరు పైనున్న బంపరు మూలకు అంటిన మసిని వారంవారం తుడవండి. సూర్యలంకకో విశాఖకో వెళ్లివస్తే ఇల్లు చేరిన రోజే కడగండి, ఉప్పుగాలి రాత్రంతా ఊరుకోదు. పిట్ట రెట్ట కనిపించగానే నీళ్లు పోయండి, గోటితో గీకకండి. సెల్లారులో నీళ్లు నిలిచే మూలన కారు పెట్టకండి. అక్కడ యాసిడ్ సీసా ఉంచకండి. మూత బిగించి అయినా ఉంచకండి. నేల కడిగే రోజును ముందే అడిగి తెలుసుకుని కారును బయట పెట్టండి. యాసిడ్‌తో బ్లీచింగ్ పౌడరు కలపనీయకండి. వెలువడే క్లోరిన్ వాయువు బంపరుకన్నా ముందు ఊపిరితిత్తులను పట్టుకుంటుంది.

ఆవిరి తగిలిందని అనుమానం కలిగితే తెల్లవారేదాకా ఆగకండి. ధారాళంగా నీళ్లు పోసి, లీటరు నీటికి ఒక చెంచా వంటసోడా కలిపి తుడిచి, మళ్లీ కడిగి, ఆరబెట్టి, వ్యాక్స్ పెట్టండి. గోరుకు పొర అంచు తగులుతుంటే ఇక రేకుతో రుద్దకండి, ప్లేటింగ్‌కు పంపండి. కింద నికెల్ పొర వేస్తారో లేదో ధర మాట్లాడకముందే అడగండి. తిరిగి బిగించేటప్పుడు బోల్టు తల కింద రబ్బరు వాషరు వేయించండి.