గోడకు మేకు కొట్టే ముందు జాగ్రత్తలు

• షేడ్ కార్డు చూసి రంగు ఖాయం చేయవద్దు. రెండు గోడల మీద అడుగు వెడల్పున పూయించి, ఆరాక పొద్దున ఒకసారి, రాత్రి దీపాల వెలుగులో ఒకసారి చూడండి. పసుపు వెలుగు కింద బూడిద రంగు వేరేగా కనిపిస్తుంది. ఇది తెలియక నేను హాలంతా రెండుసార్లు వేయించాను.

• గోడలో చెమ్మ ఉంటే ముందు దాని సంగతి చూడండి.

• స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద, పక్కన డ్రిల్ పెట్టవద్దు. తీగలు సాధారణంగా ఆ వరుసలోనే వెళ్తాయి.

• పటం మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే కంటికి హాయి. సోఫా మీదైతే దాని వీపుకు 15–20 సెంటీమీటర్లు పైన పటం కింది అంచు ఉంటే చాలు. చాలామంది పటాన్ని పైకప్పుకు చూపించడానికన్నట్టు తగిలిస్తారు! పటం కొలతకు పాత వార్తాపత్రిక కత్తిరించి, టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. నచ్చకపోతే పోయేది కాగితమే.

• బరువైన అద్దానికి అంటించే హుక్కులు వద్దు.

• నీటిరంగుల చిత్రాలను నేరుగా ఎండ పడే గోడకు పెట్టవద్దు, వెలిసిపోతాయి.

• కుషన్లు, పూలకుండీలు ఆఖరున కొనండి.