పాత నోట్‌బుక్‌తో బొమ్మల పాఠం – 4: నుదుటికెక్కిన కళ్లు

పోయిన పాఠంలో ‘అటక మీంచి పాత బొమ్మల నోట్‌బుక్ దించి, ఒక ముఖం ఎంచుకుని సరిచేయండి’ అన్నాను. తప్పు నాదే. చాలామంది రబ్బరు పట్టుకుని ఆ బొమ్మ మీదే పడ్డారు. ముప్పై ఏళ్లనాటి చవక కాగితం పెళుసెక్కి ఉంటుంది, రుద్దితే చిరుగుతుంది. ఒకావిడ హీరోకి ముక్కు పోయి చిల్లు మిగిలింది. ఆ చిల్లు వెనక సెల్లోటేప్ వేశారట! దాని జిగురు కొన్నేళ్లకి పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. ఇంకెవరూ వేయకండి. వేసినవాళ్లు పీకకండి.

పాత బొమ్మ మీద ఒక్క గీత కూడా పడకూడదు. బటర్ పేపర్ (కింది బొమ్మ కనపడే పల్చటి కాగితం) పరిచి, తప్పులు దానిమీద గుర్తు పెట్టుకోండి. కొత్త బొమ్మ కొత్త కాగితం మీదే.

ఇక మీరు పంపినవాటిలో దాదాపు అన్నిటికీ ఒకటే జబ్బు: కళ్లు నుదుటికెక్కాయి. నావీ అంతే. వడ్డాది పాపయ్య అట్టబొమ్మలు చూసి, చందమామలో ఆర్టిస్టునైపోతానని ఇంట్లో ప్రకటించిన రోజుల్లో రూళ్ల నోట్‌బుక్‌లో వేసిన చిరంజీవి ఇప్పుడు నా ముందుంది. స్కేలు పెట్టాను. నడినెత్తి నుంచి గడ్డం దాకా 12 సెంటీమీటర్లు. కళ్లు పైనుంచి 4 దగ్గరున్నాయి, ఉండాల్సింది సరిగ్గా సగంలో, అంటే 6 దగ్గర. పాపం, నుదురే లేదు. జుట్టు కనుబొమల మీద టోపీలా కూర్చుంది.

మనకి ముఖమంటే కళ్లు, ముక్కు, నోరు. చోటంతా వాటికే ఇచ్చి, నెత్తిని నొక్కేస్తాం. నమ్మకపోతే అద్దం ముందు పెన్సిల్ కొస గడ్డం కింద ఆనించి, కంటి దగ్గర బొటనవేలు ఆపండి. అదే కొలత కంటినుంచి పైకి పెడితే నడినెత్తికి చేరుతుంది. జుట్టు ఎత్తు లెక్కలోకి రాదు. బట్టతలవాళ్లకి ఈ పాఠం సులువు.

ఫొటో మీదా కాగితం మీదా గళ్లు కొట్టి, గడి చూసి గడి వేసినవాళ్లు ‘మాకీ తప్పు లేదండీ’ అంటున్నారు. ఉంది, కనపడదంతే. గడిలో ఉన్నది గడిలోకి దించారు కానీ తల చేతికి రాలేదు. గళ్లు తీసేసి వేయండి, కళ్లు మళ్లీ పైకి పోతాయి. అప్పట్లో చేత్తో సినిమా బ్యానర్లు వేసిన ఆర్టిస్టులు గళ్లు కొట్టింది బొమ్మని పెద్దది చేయడానికి, తల నేర్చుకోవడానికి కాదు.

తల వంచితే కళ్ల గీత సగం కన్నా కిందికి, ఎత్తితే పైకి. చంటిపిల్లలకి సహజంగానే సగం కన్నా కాస్త కింద. పెద్దల లెక్కతో వేస్తే పాపాయి ముసలమ్మలా తయారవుతుంది.

అభ్యాసం: ఇంట్లోవాళ్లు టీవీ చూస్తుండగా రోజుకి 10 తలలు, ఒక్కోటి 2 నిమిషాల్లో, వారం పాటు. మెత్తగా, నల్లగా పడే 4బి పెన్సిల్ చాలు. నాకు మామూలు హెచ్‌బి పెన్సిల్ గీత పీలగా అనిపిస్తుంది. ఎనిమిదో రోజు పాత బొమ్మ చూడకుండా అందులోని మనిషినే మళ్లీ వేసి, రెండిటినీ స్కేలుతో కొలిచి, ఆ అంకెలు కొత్త కాగితం వెనక రాయండి. పెన్సిల్‌తోనే రాయాలి, బాల్‌పెన్ అచ్చు ముందువైపు తేలుతుంది.