దగ్గితే మూత్రం లీక్ అవుతోందా? కీగెల్ చేసినా తగ్గట్లేదా?

దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, బరువెత్తినా నాలుగు చుక్కలు పడిపోతుంటే ఎవరికి చెప్పుకోవాలో తెలీక చాలామంది ప్యాడ్‌తోనే నెట్టుకొస్తారు. మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కటి కండరాలు కాన్పులు, మెనోపాజ్, అధిక బరువు లాంటి వాటివల్ల సడలితే ఇలా అవుతుంది. మందుల కంటే, ఆపరేషన్ కంటే ముందు చేయాల్సింది ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామమే. 1948లో ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికన్ డాక్టర్ దీని గురించి రాశారు, ఆయన పేరే దానికి నిలిచిపోయింది. చేసినా ఫలితం లేదంటే, మానేసే ముందు ఇవి చూసుకోండి.

సమస్య: బిగిస్తుంటే పొట్ట, పిరుదులు, తొడలు బిగుసుకుంటున్నాయి. కింద మాత్రం ఏమీ తెలియట్లేదు.

కారణం: అసలు కండరం దొరకలేదు. ఇంకా ఇబ్బందేమిటంటే, కొందరు పైకి లాగబోయి కిందికి ముక్కుతారు. అది బలహీనంగా ఉన్న చోటే ఇంకా ఒత్తిడి పెడుతుంది.

పరిష్కారం: మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోండి. గ్యాస్ బయటికి రాకుండా ఆపుకుంటున్నట్టు, మూత్రం ఆపుకుంటున్నట్టు ఒకేసారి లోపలికి, పైకి లాగండి. అద్దం పెట్టుకుని చూస్తే యోనికి, మలద్వారానికి మధ్య చర్మం లోపలికి పోవాలి. బయటికి ఉబ్బితే ముక్కుతున్నారన్నమాట, ఆపేయండి. ఊపిరి బిగబట్టకూడదు. పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం రోజువారీ వ్యాయామంగా చేయొద్దు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవకపోవచ్చు. అయినా పట్టు దొరక్కపోతే ఫిజియోథెరపిస్ట్ పరీక్షించి చూపిస్తారు. సిగ్గుపడి ఆరు నెలలు తప్పుగా చేయడం కంటే ఒక్కసారి వెళ్లడం నయం.

సమస్య: సరిగ్గానే చేస్తున్నాను, మూడు వారాలైనా తేడా లేదు.

కారణం: తొందర! కండరం బలపడి తేడా తెలియడానికి మూడు వారాలు చాలవు.

పరిష్కారం: ఒక విడతకు కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు. మొదట 2, 3 సెకన్లు పట్టి ఉంచితే చాలు, మెల్లగా 8 దాకా పెంచండి. ఎంతసేపు పట్టి ఉంచారో, తర్వాత అంతసేపు వదిలేసి ఉండాలి, పూర్తిగా వదలడం కూడా వ్యాయామంలో భాగమే. చివర్లో టకటకా కొన్నిసార్లు బిగించి వదలండి.

సమస్య: పట్టు వచ్చింది, కానీ తుమ్మితే మళ్లీ అదే.

కారణం: కండరానికి బలం ఉన్నా, సమయానికి బిగుసుకోవట్లేదు.

పరిష్కారం: తుమ్ము వస్తోందనగానే, బకెట్ ఎత్తబోయే ముందే, బిగించండి. తర్వాత తుమ్మండి. కొన్నాళ్లకు అలవాటైపోతుంది.

మలబద్ధకం, విడవని దగ్గు ఉంటే వాటికీ వైద్యం చేయించుకోండి. లేకపోతే ఇక్కడ కట్టింది అక్కడ కూలుతుంటుంది.

ఉన్నట్టుండి ఆపుకోలేనంత వేగంగా మూత్రం రావడం వేరే సమస్య, దానికి చికిత్స కొంత వేరు. మూత్రంలో రక్తం, మంట, యోనిలోంచి ఏదో జారుతున్నట్టు ఉండటం, బిగిస్తే నొప్పి, వీటిలో ఏదున్నా వ్యాయామం ఆపి ముందు డాక్టర్‌కి చూపించుకోండి. తొడల మధ్య తిమ్మిరితో పాటు మూత్రం పట్టు తప్పితే మాత్రం ఆ రోజే, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.