అప్‌డేట్ అయ్యాక ఫైళ్లు కనపడట్లేదా? ముందు ఏదీ డిలీట్ చేయకండి

పొద్దున్నే షాపు తెరిచి కంప్యూటర్ ఆన్ చేస్తే రాత్రికి రాత్రి విండోస్ అప్‌డేట్ అయిపోయి ఉంటుంది. డెస్క్‌టాప్ మీద నిన్నటిదాకా ఉన్న బిల్లుల ఫోల్డర్ ఉండదు. కనిపించే ఫైలేమో తెరుచుకోదు, పక్కన నీలం మబ్బు గుర్తు. భీమవరంలో రొయ్యల మేత డీలరైనా, కడియంలో మొక్కల ఫొటోలు దాచుకునే నర్సరీవాళ్లైనా, అంబాజీపేటలో కొబ్బరి లెక్కలు రాసుకునేవాళ్లైనా ఇక్కడ కంగారు పడతారు. నిజానికి ఎక్కువసార్లు ఫైలు ఎక్కడికీ పోదు. దాని చోటు మారి ఉంటుంది, లేదంటే సింక్, అంటే కంప్యూటర్‌లోని ఫైళ్లనూ ఇంటర్నెట్‌లో దాచిన (క్లౌడ్) కాపీలనూ ఒకేలా ఉంచే పని, ఆగిపోయి ఉంటుంది. ఆ తర్వాత అరగంటలో మనం చేసే పనులే అసలు నష్టం తెస్తాయి.

అందుకని ముందు చేయకూడనివి. రీసైకిల్ బిన్ ఖాళీ చేయకండి. ఖాళీగా ఉన్నాయనో, రెండేసి ఉన్నాయనో ఫోల్డర్లు తీసేయకండి. సింక్ ఫోల్డర్‌లో ఇక్కడ తీసేసింది క్లౌడ్‌లోనూ పోతుంది, ఇంట్లో ఉన్న రెండో కంప్యూటర్‌లోనూ పోతుంది. డిస్క్ క్లీనప్‌లో 'పాత విండోస్ ఇన్‌స్టలేషన్' అని కనపడితే టిక్కు పెట్టకండి. "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోద్దండి" అనే కుర్రాడు వస్తే టీ ఇచ్చి కూర్చోబెట్టండి, మౌస్ మాత్రం ఇవ్వొద్దు.

మొదట ఫోన్‌లో చూడండి

కంప్యూటర్‌ని అలాగే వదిలేసి, ఫోన్ బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్) లేదా గూగుల్ డ్రైవ్ వెబ్‌సైట్ తెరిచి అదే ఖాతాతో లాగిన్ అవ్వండి. ఫైలు అక్కడ నిన్నటి తేదీతో ఉంటే సగం భారం దిగినట్టే. తేడా కంప్యూటర్‌లోనే ఉంది, తీరిగ్గా సరిచేసుకోవచ్చు. అక్కడ కనపడకపోతే వెబ్‌సైట్‌లోనే రీసైకిల్ బిన్ లేదా ట్రాష్ చూడండి. వ్యక్తిగత వన్‌డ్రైవ్‌లోనూ గూగుల్ డ్రైవ్‌లోనూ తీసేసిన ఫైళ్లు 30 రోజులు ఉంటాయి. అక్కడా లేకపోతే ఆ ఫైలు ఇంకా క్లౌడ్‌కి ఎక్కలేదని అర్థం. ఉన్న ఒక్క కాపీ ఆ హార్డ్ డిస్క్‌లోనే ఉంది కాబట్టి ఇక నుంచి ప్రతి అడుగూ చూసి వేయాలి. సైన్ అవుట్, అన్‌లింక్, అన్‌ఇన్‌స్టాల్ మాటే ఎత్తొద్దు.

డెస్క్‌టాప్‌లు రెండు

కంప్యూటర్‌లో సీ డ్రైవ్, అందులో యూజర్స్, అందులో మీ పేరున్న ఫోల్డర్ తెరవండి. డెస్క్‌టాప్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. పక్కనే ఉన్న వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి వెళ్తే అక్కడ ఇంకో డెస్క్‌టాప్ ఉంటుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ కూడా ఇంతే. వన్‌డ్రైవ్‌లో 'బ్యాకప్' ఆన్ అయితే ఈ మూడు ఫోల్డర్లూ వన్‌డ్రైవ్ లోపలికి మారతాయి. మీరు తెర మీద చూసేది ఈ రెండింటిలో ఏదో ఒకటే. విండోస్ 11 కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే, మీరు అడగకుండానే ఈ బ్యాకప్ ఆన్ అయి ఉండొచ్చు. తర్వాత దాన్ని ఆపేస్తే తెర మీదికి మళ్లీ పాత డెస్క్‌టాప్ ఖాళీగా రావొచ్చు. ఫైళ్లు మాత్రం వన్‌డ్రైవ్ లోపలి డెస్క్‌టాప్‌లోనే ఉండిపోతాయి.

ఇప్పుడు ఏది చూస్తున్నారో తేల్చుకోవడానికి డెస్క్‌టాప్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్. అక్కడ రాసి ఉన్న దారిలో వన్‌డ్రైవ్ అన్న మాట ఉందా లేదా చూడండి. ఫైళ్లు రెండో దాంట్లో దొరికితే కట్ చేయకండి, కాపీ చేసి పేస్ట్ చేయండి. అన్నీ వచ్చాయని లెక్క సరిచూసుకున్నాకే పాతవి తీసేయొచ్చు, అదీ వారం ఆగి.

ఈ జాగ్రత్త ఉత్త భయం కాదు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొంతమంది ఫైళ్లను నిజంగానే చెరిపేసింది. డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లను వేరే చోటికి మార్చుకున్నవాళ్ల దగ్గర, పాత చోట మిగిలిన ఫోల్డర్‌ని అక్కర్లేని నకలు అనుకుని, లోపల ఫైళ్లున్నా తీసేసింది. మైక్రోసాఫ్ట్ కొద్దిరోజుల్లోనే ఆ అప్‌డేట్‌ని ఆపి, సరిచేసి నవంబరులో మళ్లీ వదిలింది. అంటే ఒకే పేరుతో రెండు చోట్ల ఫోల్డర్లు ఉన్నప్పుడు మనిషే కాదు, విండోస్ కూడా పొరబడుతుంది.

రెండు డెస్క్‌టాప్‌లూ ఖాళీగానే ఉంటే ఇంకో రెండు చోట్లు చూడండి. వెర్షన్ మారిన పెద్ద అప్‌డేట్ అయితే సీ డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' ఫోల్డర్ ఉంటుంది. దాన్లో యూజర్స్, మీ పేరు. మామూలుగా 10 రోజులయ్యాక విండోస్ దాన్ని తనే తీసేస్తుంది, కాబట్టి ఆలస్యం పనికిరాదు. రెండోది, యూజర్స్ లోపల 'టెంప్' అనే పేరుతో ఫోల్డర్ వచ్చి, తెర మీద 'మీ ఖాతాలోకి సైన్ ఇన్ కాలేకపోతున్నాం' అన్న అర్థంలో ఇంగ్లీషు సందేశం కనపడితే మీరు తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉన్నట్టు. అందులో దాచిన ఏ పనైనా సైన్ అవుట్ కాగానే పోతుంది. ఒక్క ముక్క కూడా టైప్ చేయకుండా రెండు మూడుసార్లు రీస్టార్ట్ చేయండి. చాలాసార్లు అసలు ప్రొఫైల్ తిరిగొస్తుంది. రాకపోతే రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా) తెలిసినవాళ్లను పిలవండి, మీరు చేయి పెట్టకండి.

మబ్బులు, టిక్కులు

నీలం మబ్బు అంటే ఫైలు క్లౌడ్‌లోనే ఉంది, కంప్యూటర్‌లో పేరు మాత్రమే ఉంది. తెల్లటి వృత్తంలో ఆకుపచ్చ టిక్కు అంటే ప్రస్తుతానికి ఇక్కడ ఉంది, తర్వాత పంపేయొచ్చు. నిండు ఆకుపచ్చలో తెల్ల టిక్కు అంటే ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. రోజూ కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' పెట్టుకుంటే తుఫాను రోజున నెట్ లేకపోయినా బిల్లు తెరుచుకుంటుంది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ కూడా ఒకసారి చూడండి. ఇన్ని రోజులు తెరవని ఫైళ్లను క్లౌడ్‌కే పరిమితం చేయి అనే ఆప్షన్ అందులో ఉంటుంది. దాన్ని 'నెవర్' మీద పెట్టండి.

మబ్బు ఫైలు నొక్కితే 'క్లౌడ్ ఫైల్ ప్రొవైడర్ ఈజ్ నాట్ రన్నింగ్' అని వస్తే ఫైలుకేమీ కాలేదు. వన్‌డ్రైవ్ ప్రోగ్రామ్ నడవట్లేదు, అంతే. స్టార్ట్ మెనూలో వన్‌డ్రైవ్ అని వెతికి నొక్కండి. రేపు మళ్లీ ఇదే గొడవ రాకుండా సెట్టింగ్స్, యాప్స్, స్టార్టప్‌లో దాన్ని ఆన్ చేయండి. గడియారం పక్కన ఐకాన్ లేకపోతే ముందు పైబాణం గుర్తు నొక్కి చూడండి, చాలాసార్లు అక్కడే దాక్కుని ఉంటుంది.

సింక్ ఎందుకు ఆగింది

మన దగ్గర ఎక్కువగా కనపడే కారణం మొబైల్ హాట్‌స్పాట్. కేబుల్ నెట్ పోయినప్పుడు ఫోన్ నుంచి నెట్ తీసుకుని, ఆ కనెక్షన్‌కి 'మీటర్డ్' (డేటా పొదుపుగా వాడాలి) అని పెట్టి ఉంటే వన్‌డ్రైవ్ తనంతట తనే ఆగిపోతుంది. ఐకాన్ మీద రెండు నిలువు గీతలు కనపడతాయి. బ్యాటరీ సేవర్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌దీ ఇదే కథ. ఐకాన్ నొక్కి 'రెజ్యూమ్' అంటే నడుస్తుంది. కానీ రోజుకు 2 జీబీ ప్లాన్ మీద ఫొటో స్టూడియో ఫోల్డర్ వదిలితే గంట తిరక్కుండా ఆ రోజు డేటా అయిపోతుంది. బ్రాడ్‌బ్యాండ్ వచ్చేదాకా ఆగడమే నయం. అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ అయితే గంటకు సుమారు 2.25 జీబీ ఎక్కుతుంది. 40 జీబీ పెళ్లి ఫొటోలకు దాదాపు 18 గంటలు పడుతుంది. 'రెండు గంటల నుంచి కదలట్లేదు' అని ఆపేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

ఇంకో కారణం చోటు చాలకపోవడం. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, గూగుల్ 15 జీబీ, అదీ జీమెయిల్‌తో కలిపి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ ఊపులో విండోస్ 11కి మారినప్పుడు పిక్చర్స్ ఫోల్డర్ బ్యాకప్ ఆన్ అయితే 5 జీబీ ఒక్క పూటలో నిండుతుంది. నిండాక కొత్త బిల్లులు ఎక్కవు. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో పిక్చర్స్ బ్యాకప్ ఒక్కటి ఆపి, ఫొటోలను వన్‌డ్రైవ్ బయటి ఫోల్డర్‌కి కాపీ చేసుకుని, కాపీలు తెరిచి చూశాక మాత్రమే అక్కడివి తగ్గించుకోండి.

మూడోది చిన్నదే గానీ ఎవరికీ తట్టదు: గడియారం. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. తేదీ తప్పుంటే లాగిన్ అవ్వదు, సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లదంటుంది. బిళ్ల మార్చి, తేదీ, సమయం సెట్టింగ్‌లో 'సింక్ నౌ' నొక్కండి.

ఇవన్నీ బాగానే ఉండి, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ మళ్లీ అడుగుతుంటే కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, విండోస్ క్రెడెన్షియల్స్ తెరిచి 'వన్‌డ్రైవ్ క్యాష్డ్ క్రెడెన్షియల్' అన్నదాన్ని తీసేసి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ కాకపోతేనే 'అన్‌లింక్ దిస్ పీసీ'. దానికి ముందు వన్‌డ్రైవ్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో కాపీ చేయాలి. మళ్లీ లాగిన్ అయ్యేటప్పుడు 'ఈ పేరుతో ఫోల్డర్ ఇప్పటికే ఉంది' అని అడుగుతుంది. 'యూజ్ దిస్ ఫోల్డర్' అనండి. కొత్త చోటు ఎంచుకుంటే ఉన్న ఫైళ్లన్నీ మళ్లీ దిగుమతి అవుతాయి, పాత ఫోల్డర్ అనాథగా మిగులుతుంది.

ఒకే లెక్క, రెండు ఫైళ్లు

షాపులో కంప్యూటర్ అప్‌డేట్ తర్వాత మూడు రోజులు సింక్ కాలేదనుకోండి. ఇంటి దగ్గర ల్యాప్‌టాప్‌లోనూ అదే ఎక్సెల్ రాశారు. కలిసినప్పుడు 'మేత లెక్క' పక్కన 'మేత లెక్క' అనే పేరుకే కంప్యూటర్ పేరు తగిలించుకుని ఇంకో ఫైలు వస్తుంది. ఏది కొత్తదో 'డేట్ మాడిఫైడ్' చూసి తేల్చకండి. పాత ఫైలు ఊరికే తెరిచి సేవ్ కొట్టినా ఆ తేదీ మారిపోతుంది. రెండూ తెరిచి చివరి వరస చూడండి: ఏ చెరువు, ఎన్ని బస్తాలు, ఏ తేదీ. ఒకదాంట్లో 4, 5, 6 తేదీలు షాపు అమ్మకాలుంటాయి, ఇంకోదాంట్లో అదే మూడు రోజుల ఇంటి వసూళ్లుంటాయి. రెండూ నిజమే. ఒకదాంట్లో లేని వరసలు రెండోదాంట్లోకి ఎక్కించి, మిగిలినదాన్ని 'పాతది' అని పేరు మార్చి పక్కన పెట్టండి.

పేర్ల సంగతి కూడా. వన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు, ఫైలు పేరు కలిపి దారి 400 అక్షరాలు దాటకూడదు. ఎక్సెల్ అయితే 218 దగ్గరే ఆగిపోతుంది. తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఇది తొందరగా తగులుతుంది. 'కొబ్బరి' మన కంటికి మూడక్షరాలే, కంప్యూటర్‌కి ఏడు: వత్తు, పొల్లు, గుడి అన్నీ విడివిడిగా లెక్క. బ్యాకప్ ఆన్ అవగానే దారిలో వన్‌డ్రైవ్ అన్న మాట కూడా చేరి, అంచున ఉన్న ఫైళ్లు హద్దు దాటతాయి. ఫోల్డర్లో ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టడం తగ్గించండి.

గూగుల్ డ్రైవ్ వాడేవాళ్లకు

'స్ట్రీమ్' పద్ధతిలో (ఫైళ్లు క్లౌడ్‌లోనే ఉండి, తెరిచినప్పుడు దిగేది) గూగుల్ డ్రైవ్ మామూలుగా జీ అనే డ్రైవ్‌గా కనపడుతుంది. రీస్టార్ట్ అయ్యే వేళకు పెన్‌డ్రైవ్ గుచ్చి ఉండి జీ అక్షరం అది తీసుకుంటే గూగుల్ డ్రైవ్ హెచ్‌కి మారిపోవచ్చు. ఫైళ్లన్నీ ఉంటాయి, షార్ట్‌కట్లు, ఎక్సెల్ లింకులు మాత్రం తెగిపోతాయి. పెన్‌డ్రైవ్ తీసి, గూగుల్ డ్రైవ్ ప్రిఫరెన్సెస్‌లో డ్రైవ్ అక్షరాన్ని మళ్లీ జీగా పెట్టండి. ఇంకా అప్‌లోడ్ కాని ఫైళ్లుండగా ఖాతా డిస్‌కనెక్ట్ చేయకండి. 2023 చివర్లో డెస్క్‌టాప్ గూగుల్ డ్రైవ్ 84వ వెర్షన్‌లో సింక్ కాని ఫైళ్లు కనపడకుండా పోయిన గొడవ జరిగాక గూగుల్ ఒక రికవరీ పద్ధతి చేర్చింది. ఐకాన్ నొక్కి, షిఫ్ట్ కీ పట్టుకుని సెట్టింగ్స్ గుర్తు నొక్కితే 'రికవర్ ఫ్రమ్ బ్యాకప్స్' కనపడుతుంది.

టాలీ డేటా ఫోల్డర్‌ని మాత్రం ఏ సింక్ ఫోల్డర్‌లోనూ పెట్టకండి. టాలీ నడుస్తున్నంతసేపూ ఆ ఫైళ్లు తెరిచే ఉంటాయి. సింక్ ప్రోగ్రామ్ సగం సగం ఎక్కించి డేటా పాడుచేస్తుంది. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ని సింక్ ఫోల్డర్‌లో వేయండి.

మ్యాక్ ఉన్న స్టూడియోలకు ఒక్క మాట: మ్యాక్ ఓఎస్ 12.3 కాలం నుంచి వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటివి హోమ్ ఫోల్డర్‌లోని లైబ్రరీ, క్లౌడ్ స్టోరేజ్‌కి మారుతూ వచ్చాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫొటోలు దొరకట్లేదంటే కొత్త దారి చూపించి మళ్లీ లింక్ చేయండి.

తర్వాతి అప్‌డేట్‌కి ముందు

ఐకాన్ మీద 'అప్ టు డేట్' అని కనపడేదాకా ఆగి, సింక్ పాజ్ చేసి, లెక్కల ఫోల్డర్ ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి ఆ డిస్క్ పీకేయండి. విండోస్ 11లో అప్‌డేట్లను 5 వారాల దాకా ఆపుకోవచ్చు. సంక్రాంతి అమ్మకాల్లోనో, పెళ్లిళ్ల ముహూర్తాల్లోనో, అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లోనో దాన్ని వాడుకోండి. షాపుల్లో ఉండే 600 వీఏ యూపీఎస్ పది, పదిహేను నిమిషాలు నిలబడితే గొప్ప. పెద్ద అప్‌డేట్ అంతలో పూర్తవదు, కాబట్టి షట్టర్ దించే ముందు మొదలుపెట్టి వెళ్లిపోకుండా, కరెంటు నిలకడగా ఉన్న ఆదివారం పొద్దున్నే పెట్టి పక్కనే ఉండండి.