ఎయిర్‌బ్రష్‌కి కంప్రెసర్ కొంటున్నారా, ముందు నీళ్ల సంగతి చూసుకోండి

మా బరంపురంలో ఏ హార్డ్‌వేర్ షాపుకెళ్లి కంప్రెసర్ కావాలన్నా "పంచర్ షాపు పెడతున్నారా బాబూ" అనే అడుగుతారు, కాదండీ బొమ్మలకీ హెల్మెట్లకీ రంగు కొట్టుకోడానికి అంటే ఎగాదిగా చూసి మళ్లీ ఆ 2 హెచ్‌పీదే చూపిస్తారు. అంత అక్కర్లేదు. గాలితో రంగు చిమ్మే పెన్నులాంటి ఎయిర్‌బ్రష్, అందులో 0.2, 0.3 మి.మీ. నాజిల్ దాంతో సన్నపని 15 నుంచి 25 పీఎస్ఐలో (గాలి ప్రెషర్ లెక్క) అయిపోద్ది, టీషర్టు మీద ఫాబ్రిక్ కలర్ కొట్టేవాళ్లకే 40 పైన కావాలి. మా ఊరి ఠాకురాణి జాతరకి పులివేషాలకి కొడదామని ఎవరికైనా సరదా పుడితే మాత్రం ఒంటికి వాడే రంగే వాడండి, మొహం దగ్గర 10 పీఎస్ఐ దాటొద్దు.

అందుకని డబ్బా మీద 150 పీఎస్ఐ అని పెద్దక్షరాలుంటే పొంగిపోకండి, అది కారు టైర్లకి గాలికొట్టే బుల్లి పంపు మీద కూడా ఉంటది, దాన్ని ఆపకుండా ఆడిస్తే చెయ్యి పెట్టలేనంత కాలిపోద్ది. చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందని, హాబీకి 20 లీటర్లుంటే బాగానే సరిపోద్ది. ఆన్‌లైన్లో రకరకాల పేర్లతో అమ్మే 1/6 హెచ్‌పీ ఆయిల్ లేని పిస్టన్ మోటారు, 3 లీటర్ల ట్యాంకు, ఈ మోడలే చాలామందికి చాలు, 4 బార్ (దాదాపు 58 పీఎస్ఐ) దగ్గర దానంతటదే ఆగి 3 బార్‌కి (దాదాపు 43 పీఎస్ఐ) దిగితే మళ్లీ మొదలౌతుంది. ట్యాంకు లేనిది కాస్త చవకే గానీ మోటారుకి రెస్టుండదు, పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బా గాలిలో తెలుస్తుంది, సన్నగీత లాగితే ఒకచోట లావు ఒకచోట సన్నం వస్తది.

ఇక అసలు సంగతి, తేమ. పక్కనే గోపాల్‌పూర్ సముద్రం, వానాకాలంలో ఆరేసిన లుంగీయే రెండ్రోజులకి ఆరదు, ఆ గాలినే కదా కంప్రెసర్ పీల్చేది. నొక్కిన గాలి ముందు వేడిగా ఉంటది, ట్యాంకులోకీ పైపులోకీ పోయి చల్లబడ్డాక అందులో తేమ చాలావరకు నీళ్లౌతుంది. బాగానే కొడుతున్నాం అనుకుంటుంటే నాజిల్లోంచి టుప్‌మని ఒక చుక్క పడి పచ్చి రంగు మీద గుండ్రంగా కన్నం లాంటి మచ్చ తేలుద్ది, ఇంక గీకి మళ్లీ కొట్టుకోడమే. ప్రెషర్ తగ్గించుకునే రెగ్యులేటర్‌తో పాటు గాలిలో నీళ్లని పట్టే వాటర్ ట్రాప్ లేనిది అసలు కొనొద్దు. అదొక్కటే సరిపోదు కూడా, మోటారు పక్కనే బిగించిన ట్రాప్‌లోంచి వేడిగాలితో ఆవిరి దాటిపోయి పైపులో నీళ్లౌతుంది కాబట్టి ఎయిర్‌బ్రష్ కింద బిగించే చిన్న ట్రాప్ ఇంకోటి తీసుకోండి. పనయ్యాక ట్యాంకులో కొంచెం ప్రెషర్ ఉండగానే అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేయండి, నీళ్లన్నీ చిమ్ముకొచ్చేస్తాయి, తుప్పురంగులో వస్తే చాన్నాళ్లుగా తియ్యలేదన్నమాట.

పాత ఫ్రిజ్ మోటారుతో చేసిస్తామంటారు మెకానిక్కులు, చప్పుడుండదు నిజమే, కానీ గాలితో పాటు ఆయిల్ వస్తుంది, ట్యాంకు బదులు ఏదో పాత సిలిండర్ తగిలిస్తారు, సేఫ్టీ వాల్వ్ ఉండదు. వద్దు.

షాపులోనే ఆన్ చేయించి ఆటోమేటిగ్గా ఆగేదాకా ఉండండి. ఆగాక ఏమీ నొక్కకుండా గేజ్ ముల్లు చూడండి, దిగిపోతుంటే జాయింట్ల దగ్గర సబ్బునురగ రాస్తే బుడగలొస్తాయి, టెఫ్లాన్ టేప్‌తో ఆగితే సరే. తర్వాత గాలి వదిలి మళ్లీ స్టార్టౌతుందో లేదో చూడండి, వోల్టేజ్ తక్కువున్న ఊళ్లలో కొన్ని మోటార్లు తిరక్కుండా ఊరికే హుమ్మంటూ ఉండిపోతాయి, సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వాడితే ఇంకా ఎక్కువ. ప్రెషర్ సెట్ చేసేటప్పుడు బ్రష్ ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే రెగ్యులేటర్ తిప్పండి, ఊరికే ఉన్నప్పుడు 25 చూపించే ముల్లు నొక్కగానే 20కి పడిపోద్ది, మీ పనికి లెక్క ఆ 20యే.

పైపు చివర్లు కంప్రెసర్ వైపు 1/4 అంగుళం గానీ 1/8 గానీ, బ్రష్ వైపు ఎక్కువగా 1/8 ఉంటాయి, కొన్ని అమెరికా కంపెనీల బ్రష్‌లకి మర వేరే ఉంటది, అడాప్టర్ కావాలి. మీ బ్రష్ జేబులో వేసుకెళ్లి అక్కడే బిగించి చూసి డబ్బులివ్వండి.