పాత బెంజిని కొనే ముందు ఎలా పరీక్షించాలి?

మన దేశంలో తయారైన తొలి బెంజి డబ్ల్యూ124 అనే ఈ-క్లాస్ మోడల్. 1995లో పుణేలో దీని ఉత్పత్తి మొదలైంది. పెట్రోలుతో నడిచే ఈ220, డీజిల్‌తో నడిచే ఈ250డి ఈ కోవలోవే. ఇప్పుడు వీటిని కొత్త చిన్న కారుకు పెట్టే డబ్బులోపే అమ్ముతుంటారు. ఆ ధర చూసి మురిసిపోకండి. తగ్గింది కారు ధరే, విడిభాగాల ధర కాదు.

బయలుదేరే ముందే ఆర్‌సీ ఫొటో తెప్పించుకోండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. "వింటేజ్ కారండీ, అవన్నీ దీనికి అక్కర్లేదు" అనేవాళ్లు ఉంటారు. కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపుకు 50 ఏళ్లు దాటాలి. ఢిల్లీ నంబరైతే అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి.

ఉదయం పూట వెళ్లండి. మీరు వెళ్లేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని యజమానికి ముందురోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే అనుమానించాల్సిందే, ఎందుకంటే చల్లటి ఇంజిన్ దాచలేని పొగనూ చప్పుడునూ వేడెక్కిన ఇంజిన్ దాచేస్తుంది.

ఇక బాడీ. చిన్న అయస్కాంతాన్ని జేబురుమాలులో చుట్టి మడ్‌గార్డుల మీద, తలుపుల పైభాగాన ఆనించి చూడండి. లప్పం మందంగా పూసిన చోట అది పట్టు వదిలేస్తుంది. తలుపుల కింది భాగాన ఉన్న ప్లాస్టిక్ పట్టీల మీద ఎలాగూ అతుక్కోదు, కంగారు పడకండి. అసలు తుప్పు ఉండేది వాటి వెనకే. జాకీ పెట్టే నాలుగు చోట్లా ఉన్న ప్లాస్టిక్ మూతలు తీసి టార్చి వేయండి. కాకినాడ, విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో తిరిగిన బండి అయితే ఈ పని రెండుసార్లు చేయండి. నేను మొదట కొన్న పాత కారు తళతళలాడేది. తొలి వానకే డిక్కీలో స్టెప్నీ గుంట నిండిపోయింది. ఆ కార్పెట్ ఎత్తి చూడాలని నాకు తోచలేదు. మీరు ఎత్తండి. అలాగే సీటు బెల్టును చివరిదాకా లాగండి. వరదలో మునిగిన కారు కార్పెట్‌ను ఉతుకుతారు గానీ బెల్టు చివరన మిగిలిన బురద గీతను మరచిపోతారు.

డబ్ల్యూ124 బానెట్ నిటారుగా నిలబడేంత తెరుచుకుంటుంది. అలా తెరిచి వైర్లు చూడండి. 1990ల నడిమి పెట్రోల్ బెంజిలలో వైర్ల తొడుగు ఇంజిన్ వేడికి ఎండిపోయే రకం. ఇగ్నిషన్ ఆపి, యజమానిని అడిగి, ఇంజిన్ దగ్గర నల్లటి గొట్టాన్ని కొద్దిగా పక్కకు జరిపి ఒక తీగను వేళ్లతో మెల్లగా వంచండి. తొడుగు సాగితే సరే. అప్పడంలా పొడిపొడిగా రాలితే మొత్తం వైరింగ్ మార్చాల్సిందే. ఇంజిన్ తిక్కతిక్కగా నడవడానికి మెకానిక్కులు సెన్సార్లన్నీ మార్చి చివరికి తేల్చే కారణం చాలాసార్లు ఇదే.

ఓడోమీటర్ అంకెకు పెద్ద విలువ ఇవ్వకండి. లోపలి చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగితే వేగం ముల్లు తిరుగుతూనే ఉంటుంది, కిలోమీటర్లు మాత్రం ఆగిపోతాయి. దానికన్నా సర్వీసు బిల్లుల ఫైలు అడగండి. ఫైలు ఉంటే రంగు వెలిసిన కారుకైనా నేను ఎక్కువ ఇస్తాను.

తరువాత రోడ్డు మీదికి తీసుకెళ్లండి. స్టీరింగ్‌లో రవ్వంత ఆట (లూజు) సహజం, ఎందుకంటే ఇది పళ్లచక్రాల పెట్టెతో తిరిగే బాక్సు రకం. గేరు వేసి కదిలినప్పుడు కింద 'టక్' మంటే వెనక చక్రాలకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ రబ్బరు డిస్కులు అరిగాయనుకోవచ్చు. ఇంజిన్ ఆపకుండా నిలబెట్టి ఉంచినప్పుడు సీటు వణికితే ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మలు) పోయినట్టే. ఇవన్నీ మార్చుకోదగ్గవే, బెదరకండి.

ఏసీని మాత్రం ఎండ ఎక్కాక, కారు ఆపి ఉంచి 20 నిమిషాలు నడిపించండి. గ్యాసు తక్కువైతే చిన్న పని. లోపలి కాయిల్ కారుతుంటే డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. పాత ప్లాస్టిక్ ఆ ఊడదీతలోనే సగం విరుగుతుంది.

చూసిన లోపాలన్నీ కాగితం మీద రాసి, మీకు తెలిసిన మెకానిక్‌తో ఖర్చు వేయించి, అడిగిన ధరలోంచి తీసేయమనండి. జాకీ చోట్లలో వేలు దిగేంత తుప్పు ఉంటే ఆ లెక్క కూడా వద్దు. వాళ్లు కాఫీ ఇస్తే తాగి వచ్చేయండి.